సంతకానికి చాలని వాట్లు

నక్కలదిన్నె జిల్లా పరిషత్ హైస్కూలుకి ఆ ఏడాది రావలసినవాటిలో సైన్సు మాస్టారు రాలేదు, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు రాలేదు, నాలుగు గ్రాఫిక్స్ కార్డులున్న గేమింగ్ కంప్యూటరు మాత్రం వచ్చింది.

పల్లెటూరి పిల్లలు ఎలాగూ ఫోన్లలో ఆడుతూనే ఉన్నారు గనక, ఆ ఆడేదేదో ఒక పద్ధతి ప్రకారం, హాజరుపట్టీలో సంతకం పెట్టి ఆడితే దేశానికి మంచిదని పైన ఎవరికో తోచింది. తోచినదానికి 'గ్రామీణ బాలబాలికల అంకాత్మక క్రీడా సముద్ధరణ పథకం' అని పేరు పెట్టారు. ఆ పేరు ఒక్క ఊపిరిలో చదవగలిగిన హెడ్మాస్టర్ల బళ్ళకే ముందుగా కంప్యూటర్లు వచ్చాయని చెప్పుకున్నారు. నక్కలదిన్నె హెడ్మాస్టరు కోదండపాణి గారు పొద్దున్నే ప్రాణాయామం చేసే మనిషి.

అట్టపెట్టె విప్పితే లోపల చిన్న బీరువా అంత యంత్రం. ఒక పక్క అద్దం. అద్దంలోంచి ఇటుకల్లా వరసగా నాలుగు కార్డులు. తెర, కీబోర్డు, మౌసు అన్నీ ఉన్నాయి. వీటన్నిటికీ కరెంటు పంచే పెట్టె, అదే పవర్ సప్లై, అది మాత్రం లేదు. దాని జాగాలో ఒక కాగితం ఉంది. 'యంత్రమునకు శక్తినిచ్చు పెట్టెను స్థానిక పరిస్థితుల దృష్ట్యా పాఠశాల స్థాయిలోనే ఎంపిక చేసుకొనవలెను.'

స్థానిక పరిస్థితులేమిటో తెలుసుకోవడానికి కోదండపాణి గారు స్టాఫ్ మీటింగ్ పెట్టారు. లెక్కల మాస్టారు ఇది సైన్సు సబ్జెక్టన్నారు. సైన్సు మాస్టారు లేరు. డ్రిల్లు మాస్టారు ఇది ఆటలకు సంబంధించిందే అయినా తనది మైదానం దాకానే అన్నారు. చివరికి పదో తరగతి చంద్రకళని పిలిపించారు.

చంద్రకళ బళ్ళో ఉన్నట్టు రుజువులు తక్కువ. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, నోరెత్తేది కాదు. కానీ వాళ్ళ నాన్న బ్రహ్మయ్యకి బస్టాండు దగ్గర మోటార్లు చుట్టే షాపుంది. కాలిపోయిన బోరు మోటారు విప్పి, రాగితీగ లెక్కపెట్టి మళ్ళీ చుట్టడం ఆ పిల్లకి ఏడో తరగతిలోనే వచ్చేసింది. దానికితోడు పక్కింటి మస్తాన్‌బీ వాళ్ళన్న ఫోనులో కారు పందెం ఆడితే ఊళ్ళో చంద్రకళని దాటినవాళ్ళు లేరు. అది కూడా ఎవరితోనూ చెప్పలేదు. మస్తాన్‌బీయే ఊరంతా చెప్పింది.

పథకం కింద జిల్లా అంతటా ఆ కారు పందెమే. అందరిలోకీ తక్కువ సమయంలో ముగించిన ఒక్కరికి జిల్లా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా సీటు, హాస్టలు, భోజనం, అన్నీ ఉచితం. ఆటలాడే పిల్లలకి మార్కులు రావన్న ముందుచూపుతో మిగతా అర్హతలన్నీ తీసేశారు కూడా. చంద్రకళకి కావలసింది ఆ సీటొక్కటే. ఎంట్రన్సు రాసి సీటు తెచ్చుకున్నా హాస్టలుకి పంపే స్తోమతు బ్రహ్మయ్యకి లేదు. పరీక్షలయ్యాక షాపులో కూర్చోవాలని ఆయన ముందే చెప్పేశాడు. కోపంగా కాదు, మామూలుగానే. మామూలుగా చెప్పిన మాటని మార్చడం ఇంకా కష్టం.

ఆ పిల్ల యంత్రం ముందు గొంతుక్కూర్చుని కార్డుల వెనక రాసిందంతా చదివింది. ఒక్కో కార్డు మూడు వందల వాట్లు తాగుతుంది. నాలుగుకి పన్నెండు వందలు. మధ్యలో ఉన్న ప్రాసెసరుకి రెండు వందలు, ఫ్యాన్లకీ మిగతావాటికీ కలిపి వంద. మొత్తం పదిహేను వందలు. బోరు మోటారు మొదట తిరిగేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ లాగినట్టు ఈ కార్డులు కూడా ఆట మధ్యలో ఉన్నట్టుండి లాగుతాయి. అందుకు ఇంకో మూడు వందలు వదలాలి. ఒక్కో కార్డుకి విడివిడిగా తీగ ఉండాలి, ఒకే తీగని రెంటికి పంచితే ప్లగ్గు కరుగుతుంది. ఇదంతా నోటితో చెప్పలేదు. చీటీ మీద రాసి, కింద 'పద్ధెనిమిది వందల వాట్లు' అని గీత గీసి, హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రకం పెట్టె ఒంగోల్లో ఒక షాపులో అద్దాల బీరువాలోనే ఉంది. బస్సెక్కితే మధ్యాహ్నానికి తేవచ్చు. కానీ మధ్యలో ఫైలు పుట్టింది.

ఆ పథకం నిబంధనల్లో ఒకటి ఇలా ఉంది. 'శక్తి పరిమాణమును ధ్రువీకరించు ప్రతి అధికారి, తన క్రింది అధికారి చూపిన దానికి ఇరువది శాతము భద్రతార్థము చేర్చి సంతకము చేయవలెను.' వంతెనలకో ఆనకట్టలకో రాసుకున్న మాటని ఎవరో ఇందులోకి ఎక్కించారు. కోదండపాణి గారు ఇరవై శాతం కలిపారు. రెండు వేల నూట అరవై అయింది. మండల విద్యాధికారి దక్షిణామూర్తి గారి ఆఫీసులో రెండు వేల ఐదు వందల తొంభై రెండు అయింది.

చంద్రకళ అక్కడికి హెడ్మాస్టరు వెంట వెళ్ళింది. దారంతా మనసులో పది సార్లు చెప్పుకున్న మాటని బల్ల ముందు నిలబడి, నేలని చూస్తూ ఎలాగో బయటపెట్టింది. ఆ మూడు వందలు భద్రత కోసం కలిపినవే, మళ్ళీ కలపక్కర్లేదని. దక్షిణామూర్తి గారు మంచివారు. కళ్ళద్దాలు తీసి ఓపిగ్గా చెప్పారు.

"పద్ధెనిమిది వందలు చాలవని నేననడం లేదమ్మా. యంత్రానికి చాలుతాయి. నా సంతకానికి చాలవు."

అక్కడినుంచి ఫైలు డివిజనుకి వెళ్ళింది, జిల్లాకి వెళ్ళింది, క్రీడల శాఖకి, సాంకేతిక శాఖకి, పరికరాల శాఖకి వెళ్ళింది. ప్రతిచోటా ఒక పెద్దమనిషి తన సంతకం కింద యంత్రం కాలిపోతే ఏమవుతుందో ఊహించుకుని, బెదిరి, ఇరవై శాతం కలిపాడు. ఎవరూ కార్డుల వెనక ఏం రాసుందో చదవలేదు. చదివితే సంఖ్య తగ్గుతుంది. తగ్గించినవాడిని రేపు అడుగుతారు, పెంచినవాడిని ఎవరూ అడగరు. పదకొండో సంతకం దగ్గర ఒక అధికారి ఇది కొంచెం ఎక్కువేమోనన్నాడట. ఆయన్ని అందరూ జాలిగా చూశారట. ఆయన కూడా ఇరవై కలిపి పంపించాడు.

పద్నాలుగు సంతకాలయ్యేసరికి ఇరవై మూడు వేల నూట పది వాట్ల చిల్లర తేలింది. చిల్లరతో ప్రమాదమెందుకని నూట పదకొండు చేశారు.

బ్రహ్మయ్య అన్నం తింటూ ఆ కాగితం జిరాక్సు చూశాడు. "ఏందే ఇది, ఆరు ఐదు హెచ్.పి. మోటార్లు తిరుగుతాయి దీంతో. మీ బళ్ళో ఆట ఆడతారా, పొలం తడుపుతారా?" అన్నాడు. చంద్రకళ మజ్జిగ పోసింది.

ఇరవై మూడు వేల వాట్ల పవర్ సప్లై ప్రపంచంలో ఎవరూ చెయ్యరు. అది టెండరు వెయ్యడానికి అడ్డు కాలేదు. ఒక కాంట్రాక్టరు ముందుకొచ్చాడు. అంతకుముందు అంగన్‌వాడీలకి ఇనప బీరువాలు చేసిన అనుభవం ఉంది. నెల తిరక్కుండా లారీలో మనిషెత్తు ఇనప పెట్టె వచ్చింది. దాని మీద పెద్దక్షరాలతో 23,111 అని తెల్లరంగు. దింపడానికి పన్నెండుమంది కావలసొచ్చారు. అది పెట్టడానికి పదో తరగతి గది ఖాళీ చేయించారు. పిల్లలు మైదానం అవతలి వరండాలోకి మారారు, బోర్డు మాత్రం గోడకి పాతి ఉండడంవల్ల గదిలోనే ఉండిపోయింది. గదికి ముందు గోడ తీసేసి, చుట్టూ ముళ్ళకంచె వేసి, పుర్రె బొమ్మ తగిలించారు. పెట్టెకి సంరక్షకుడు ఉండాలని కొత్త పోస్టు తయారైతే బడి వాచ్‌మన్ పోలయ్యకే అది కూడా తగిలించారు.

పోలయ్యకి యాభై ఎనిమిదేళ్ళు. మొదటి రోజే పెట్టె వెనక తలుపు తీసి ఊడ్చి వచ్చి, ఆశ్చర్యంగా చంద్రకళతో చెప్పాడు. "అమ్మాయా, దాంట్లో అడుగున జానెడు పెట్టె ఒకటుంది. మిగిలిందంతా ఇసకే."

చంద్రకళ కంచె బయటినుంచి తొంగిచూసింది. ఒంగోలు షాపులోని పెట్టే. రెండు వేల వాట్లది. ఒక్కో కార్డుకి విడివిడిగా తీగ కూడా ఉంది. కాంట్రాక్టరు ఒక్కడే ఈ వ్యవహారంలో లెక్క తెలిసినవాడని ఆమెకి ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది.

యంత్రం పనిచేస్తుంది. ఇక ఆడడమే తరువాయి అనుకుంటుండగా విద్యుత్ భద్రతాధికారిణి సత్యవాణి గారు టేపు పట్టుకుని వచ్చారు. ఇరవై కిలోవాట్లు దాటిన పరికరానికి ముప్పై అడుగుల లోపు పద్ధెనిమిదేళ్ళు నిండనివారు ఉండకూడదు. కొలిచి సున్నంతో గీత గీశారు. గీత సరిగ్గా జెండా దిమ్మ దగ్గరికి వచ్చింది. అయితే యంత్రాన్ని గీత ఇవతలికి తెస్తామన్నారు కోదండపాణి గారు. తీగ పొడవు రెండడుగులు, తయారీదారు అనుమతి లేకుండా పెంచరాదన్నారామె. మరి పిల్లలు ఎలా ఆడతారండీ అని ఆయన బతిమాలినట్టు అడిగారు.

"ఆడుటకు మాకు అభ్యంతరము లేదు," అన్నారు సత్యవాణి గారు. "సమీపించుటకే అభ్యంతరము."

దీనికి పై ఆఫీసులో వారం రోజులు ఆలోచించి 'మౌఖిక సంచాలన విధానము' కనిపెట్టారు. పోటీదారు గీత బయట నిలబడి ఎటు తిప్పాలో కేక వెయ్యాలి. మేజరైన సంరక్షకుడు కంచె లోపల కూర్చుని, విన్నది విన్నట్టు మీట నొక్కుతాడు. జిల్లాలో ఏ బళ్ళోనైనా ఇదే పద్ధతి. నక్కలదిన్నెలో మేజరైన సంరక్షకుడు పోలయ్య.

ఈ దెబ్బకి చంద్రకళ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మౌనంగా ఆడే ఆట గనకే ఆమెకి ఆ ఆట వచ్చింది. వరండాలో పాఠం అప్పజెప్పమంటేనే గొంతు దిగిపోయే పిల్ల, మైదానంలో నిలబడి "ఎడమకి" అని అరవాలి. ముప్పై అడుగుల దూరానికి తెర మీద కారు మినపగింజంత కనిపించేది. పోలయ్య మీటల మీద రంగు కాగితాలు అంటించుకున్నాడు. ఆకుపచ్చ పోవడానికి, ఎర్రది ఆగడానికి, పసుపు ఎడమ, నీలం కుడి. ఆమె పెదాలు కదిపితే ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకునేవాడు. విన్నాక కళ్ళద్దం సర్దుకుని రంగు వెతుక్కునేవాడు. రంగు దొరికేటప్పటికి కారు సముద్రంలో ఉండేది.

"నువ్వు గట్టిగా మాట్లాడితే ఆ పెట్టె పేలుద్దని ఎవరన్నా చెప్పారా నీకు?" అంది మస్తాన్‌బీ. పోనీ తను అరుస్తానంది. ఆ గొంతుకి పక్క బజారువాళ్ళు కూడా కారు తిప్పగలరు. కోదండపాణి గారు నిబంధన చూశారు. గొంతు పోటీదారుదే అయి ఉండాలి.

పోటీ రోజున సంతకాలు పెట్టిన పద్నాలుగుమందీ వచ్చారు. గీత బయట షామియానా వేసి కుర్చీలు వేశారు. ముందుగా ఒక్కొక్కరూ మాట్లాడారు. పల్లె ప్రతిభకి ఇంత శక్తి ఇచ్చిన ప్రభుత్వం ఇంతవరకూ లేదన్నారు. పరికరాల శాఖ ఆయన ఇనప పెట్టెని దూరంనుంచి చూసి, ఇంకా కొంచెం పెద్దదైతే బాగుండేదని పక్కాయనతో అన్నారు. అప్పటికి జిల్లాలో మిగతా బళ్ళన్నీ ఆడేశాయి. ఆరు నిమిషాల పందేన్ని అందరికంటే తొందరగా ముగించినవాళ్ళకి నలభై ఒక్క నిమిషాలు పట్టింది. వాళ్ళకి చప్పట్లు కొట్టారట.

ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మొదటిదాంట్లో చంద్రకళ నోరు తెరిచింది, శబ్దం రాలేదు. కారు బయలుదేరిన చోటే నిలబడి ఉంది. పది నిమిషాలైనా కదలకపోయేసరికి గంట కొట్టేశారు. రెండోదాంట్లో "ఎడమకి" అన్న మాట వచ్చింది, కాకిపిల్ల గొంతులా. షామియానా కింద ఎవరో నవ్వారు. పోలయ్య పసుపు కాగితం కోసం వెతికాడు, దొరికింది, గట్టిగా నొక్కాడు. నొక్కి వదలడం మరిచిపోయాడు. కారు గుండ్రంగా తిరిగి తిరిగి గోడకి గుద్దుకుంది.

మూడోసారి మొదలుపెట్టడానికి గంట కొట్టేముందు చంద్రకళ పరికిణీ కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని సున్నపు గీత దాటింది.

పరిగెత్తలేదు. వాళ్ళ షాపులోకి నడిచినట్టు నడిచింది. షామియానా కింద పద్నాలుగుమందీ చూశారు. ఆపాలంటే ఎవరో ఒకరు లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళ్ళాలంటే ప్రవేశ అనుమతి పత్రం మీద కిందివాడొకడు ముందు సంతకం పెట్టాలి. ఎవరికి ఎవరు కిందివాడో తేల్చుకునేలోపు ఆ పిల్ల కంచె గేటు తీసి, పోలయ్య పక్కన నిలబడి, ఆ రోజుకి మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడింది.

"బాబాయ్, కాస్త జరుగు."

పోలయ్య జరిగాడు. ఆమె కూర్చుంది. ఫోనులో వేలితో తిప్పిన కారే ఇదీ, కాకపోతే తెర పెద్దది, మలుపు ముందే కనిపిస్తోంది. కొండ ఎక్కి దిగింది, వంతెన దాటింది, సముద్రం పక్కగా పోయింది కానీ అందులో పడలేదు. అద్దం వెనక నాలుగు కార్డుల ఫ్యాన్లు సన్నగా ఊదుతున్నాయి. ఐదు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లకి పందెం ముగిసింది. వరండాలో పిల్లలంతా ఈలలు వేశారు. చంద్రకళ లేచి, పోలయ్యని మళ్ళీ కూర్చోబెట్టి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి గీత బయట నిలబడింది.

ఆ సాయంత్రమే ఫలితాల సమావేశం. జిల్లాలోకెల్లా తక్కువ సమయం అదేనని అందరూ ఒప్పుకున్నారు. రాయడం దగ్గరే చిక్కు వచ్చింది. సత్యవాణి గారు నిబంధన వినిపించారు. కంచె లోపల మైనర్లు ఉండరు. ఉన్నట్టు రాస్తే పద్నాలుగుమంది చూస్తూ కూర్చున్నట్టు కూడా రాయాలి. కంచె లోపల ఉండదగిన మనిషి ఒక్కడే, సంరక్షకుడు. కాబట్టి ఆడింది పోలయ్య.

కోదండపాణి గారు ఉండబట్టలేక, ఆడింది ఆ పిల్లేనండీ, నేను కళ్ళారా చూశానన్నారు.

"చాలా మంచిది," అన్నారు దక్షిణామూర్తి గారు. "అది రాతపూర్వకంగా ఇవ్వండి. మైనరు లోపలికి పోతుంటే ప్రధానోపాధ్యాయుడు ఏం చేస్తున్నాడో కూడా అందులోనే రాయండి."

కోదండపాణి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

సీటు పోలయ్యకి వచ్చింది. వయసు, చదువు, మార్కులు, ఏ అర్హతా చూడకూడదని ముందే రాసుకున్నారు గనక అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ వీలులేకపోయింది.

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికి పోలయ్య ఆ కవరు పట్టుకుని మోటార్ల షాపుకి వచ్చాడు. చంద్రకళ బోరు మోటారుకి తీగ చుడుతోంది. ఆమెకి ఐదు వందల అరవై మార్కులొచ్చాయి. ఆ సంగతి ఇంట్లో ఒకసారి అనుకుని మళ్ళీ ఎత్తలేదు.

పోలయ్య బల్ల చివర కూర్చుని కవరు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, వద్దని రాసిచ్చేద్దామంటే వద్దనడానికి ఫారం లేదంటున్నారు, చేరకపోతే ప్రభుత్వ సొమ్ము వృథా చేసినట్టు నోటీసు ఇస్తారంటున్నారు, నేనీ వయసులో ఎలక్ట్రికల్ ఏం చదివేది బ్రహ్మయ్యా అన్నాడు. బ్రహ్మయ్య నవ్వాలో తిట్టాలో తెలియక స్క్రూడ్రైవరు వెతుక్కున్నాడు.

చంద్రకళ చేతులు తుడుచుకుని కవరు తీసుకుంది. పన్నెండు పేజీలు. అందరూ మొదటి పేజీ చదివి వదిలేసిన కాగితం. ఆమె కార్డుల వెనక చదివినట్టే చివరిదాకా చదివింది. పదకొండో పేజీ దగ్గర ఆగింది.

"బాబాయ్, నీకు చూపు ఆనుతుందా?"

"ఎందుకానదమ్మాయ్? కళ్ళద్దం పెట్టుకున్నానంటే అదుగో, ఆ వచ్చే బస్సు నంబరు చెప్తా."

ఆమె వేలు పెట్టి చదివి వినిపించింది. 'అభ్యర్థికి చూపు మందగించినచో రాతసహాయకులను వెంట ఉంచుకొనవచ్చును. వారు తరగతి గదిలోను, పరీక్షలలోను అభ్యర్థి ప్రక్కనే కూర్చొనవలెను. వారికి ఉచిత వసతి, భోజనము కల్పించబడును. రాతసహాయకుల చదువు అభ్యర్థి చేరిన చదువుకంటె తక్కువై ఉండవలెను.'

బస్సు దగ్గరికి వచ్చి ఆగింది. పోలయ్య దాని వైపు కళ్ళు చికిలించి చూశాడు.

"ఈ మధ్య అస్సలు ఆనట్లేదమ్మాయ్," అన్నాడు.

బ్రహ్మయ్య కూతురి వంక చూశాడు, సగం చుట్టిన మోటారు వంక చూశాడు. మోటారు తన ముందుకి లాక్కుని, మిగతాది నేను చుడతాలే అన్నాడు.

పాలిటెక్నిక్‌లో ఇప్పుడు మొదటి బెంచీ మీద పోలయ్య కూర్చుంటాడు. పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అని బడిగంట మోగినట్టు పలుకుతాడు. మధ్యాహ్నం పాఠాలకి కొంచెం కునుకు పడుతుంది. పక్కన రాతసహాయకురాలు రాస్తూనే ఉంటుంది. ఆమె మాట్లాడనక్కర్లేదు, మాట్లాడకూడదని నిబంధన. మొదటి సెమిస్టరులో పోలయ్యకి సర్క్యూట్ల పేపరులో వందకి తొంభై నాలుగు వచ్చాయి. నోటీసుబోర్డు మీద ఆయన ఫోటో పెట్టారు.

మూడేళ్ళకి పోలయ్యకి డిప్లొమా వస్తుంది. రాతసహాయకురాలు మాత్రం అప్పటికీ పదో తరగతే. ఆ చదువు ఏమాత్రం పెరిగినా అర్హత పోతుంది గనక, తరగతిలో ఉన్నంతసేపూ ఏమీ నేర్చుకోకుండా జాగ్రత్తపడాలని ప్రిన్సిపాలు గారు ఆమెని పిలిచి హెచ్చరించి, అలాగే ఉంటానని హామీపత్రం మీద సంతకం తీసుకున్నారు.

చంద్రకళ సంతకం పెట్టి, గదికి వచ్చి, రెండో సెమిస్టరు పుస్తకం తెరిచింది.